ఆతి ఇంటికి వెళ్లొచ్చిన దారి
(సంఘం వార్షిక సమావేశంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

యువతకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. మన చరిత్ర గురించి, చట్టాల గురించి మాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. మేం వ్యవసాయం చేసుకునేవాళ్లం. అన్నదమ్ములం ఇద్దరం ఇంట్లో మాట్లాడుకుని, దండారి అయ్యాక చంద్రాపూర్‌లోని మా ఆతి ఇంటికి వెళ్లొచ్చిన సంగతి చెబుదామనుకున్నాం. ఆతి అంటే తెలుసు కదా, నాన్న చెల్లెలు. మీలో కొందరు అత్త అనో ఆంటీ అనో అంటున్నారు. ఆ సంగతి తర్వాత.

పోయిన ఎండాకాలం మా నాన్న పోయాడు. తెల్లవారుజామున పోయాడు. ఆ హడావుడిలో ఆతికి ఫోన్ చేశాం, కలవలేదు. ఆమె ఫోన్‌లో రీచార్జ్ అయిపోయిందని తర్వాత తెలిసింది. వెంటనే ఆమె మనవడి నంబరుకు వాట్సాప్‌లో కబురు పెట్టాం. సాయంత్రం దాకా చూశాం. ఎండలు మండిపోతున్నాయి, ఇక ఉంచలేమన్నారు పెద్దలు. ఆడపడుచు రాకుండానే మట్టి చేశాం. నాలుగో రోజు ఎవరి నోటనో విని ఆతి ఫోన్ చేసింది. "మా అన్న పోతే నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదా" అన్నది. మేం ఏదో చెప్పబోయేలోపే ఫోన్ పెట్టేసింది. కర్మకు రాలేదు. ఆరు నెలలు మాట లేదు.

అమ్మ ఊరుకోలేదు. దండారి రోజుల్లో ఊళ్లన్నీ విందులకు వచ్చిపోతుంటే, "మన ఇంటి ఆడపిల్ల అక్కడ అలిగి కూర్చుంటే మనకు ఈ గుస్సాడీలు ఏం బాగుంటాయి" అన్నది. పత్తి ఏరే రోజులు. కూలీలు దొరికేదే కష్టం, రెండు రోజులు పోతే చేనులో పత్తి మంచుకు తడుస్తుంది. అయినా బయలుదేరాం. ఊళ్లో ఒకాయన బొలెరో మాట్లాడుకుని అమ్మ, మేం ఇద్దరం, మా చిన్నోడి భార్య, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, అయిదుగురం ఎక్కాం. అరబస్తా కందులు, జొన్నపిండి, ఉట్నూర్‌లో కొన్న ఇప్పపువ్వు లడ్డూలు పెట్టుకున్నాం. వీటన్నిటి పైన ఒక గుడ్డ సంచిలో నాన్న తలకు చుట్టుకునే తెల్ల రుమాలు. అది తీసుకెళ్దామన్నది అమ్మే.

జైనూర్ నుంచి చంద్రాపూర్ 150 కిలోమీటర్లు కూడా ఉండదు. హైదరాబాద్‌కు ఏడాదిలో అయిదారు సార్లు పోతాం, ఆఫీసు పనో, ఆస్పత్రి పనో, పిల్లల హాస్టలో ఏదో ఒకటి. ఇందులో సగం దూరం లేని ఆతి ఇంటికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. దారిలో ఈ లెక్క వేసుకున్నాక బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కెరమెరి ఘాట్ మీకు చెప్పక్కర్లేదు. ఆ మలుపుల్లో అమ్మకు రెండుసార్లు వాంతి అయింది. హట్టి దగ్గర జోడేఘాట్ దారి కనపడగానే బండి ఆపి నీళ్లు తాగించాం. అమ్మ తేరుకుని, తను పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ గుట్టల మీదుగా ఎడ్లబండ్లు కట్టుకుని జంగుబాయి తల్లి దర్శనానికి పుష్యమాసంలో పోయేవాళ్లమని, అటువైపు నుంచి ఆతి వాళ్లూ వచ్చేవారని చెప్పింది. గుహ దగ్గర కలుసుకుని, అక్కడే వండుకుని, పెళ్లి సంబంధాలు కూడా అక్కడే మాట్లాడుకునేవారట. కబురు పెట్టే పని లేదు, ఫోన్ లేదు. నెలపొడుపు చూసుకుంటే చాలు, ఎవరు ఎప్పుడు వస్తారో తెలిసిపోయేది.

ఆసిఫాబాద్ దాటాక రోడ్డు పెద్దది. పత్తి లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. వాంకిడి పోయాక మహారాష్ట్ర వచ్చేసింది. ఎక్కడ వచ్చిందో తెలియదు. బోర్డు మీద అక్షరాలు మారాయి, అంతే. అదే నల్లరేగడి, అదే పత్తి, అవే టేకు చెట్లు. మా అమ్మాయి "బార్డర్ ఏది?" అని కిటికీలోంచి వెతికింది. పాపం, బడి మ్యాపులో ఎర్ర గీత చూసింది కదా.

ఆ గీత సంగతి మీకు బడిలో చెప్పి ఉండరు. 1956కు ముందు రాజురా తాలూకా మన ఆదిలాబాద్ జిల్లాలోదే. కిన్వట్ తాలూకా కూడా. భాషను బట్టి రాష్ట్రాలు పంచినప్పుడు ఆ రెండూ అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయాయి. తెలుగు మాట్లాడేవాళ్లకు ఒక రాష్ట్రం, మరాఠీ మాట్లాడేవాళ్లకు ఒక రాష్ట్రం. గోండీ మాట్లాడేవాళ్లు రెండు పక్కలా మిగిలారు. కెరమెరి మండలం అంచున పరందోళి, ముకదంగూడ లాంటి ఊళ్లలో ఇప్పటికీ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఉన్న కుటుంబాలున్నాయి. బయటివాళ్లు దాన్ని వింతగా వార్తల్లో రాస్తారు. మాకు అందులో వింత కనపడదు. ఊరు కదల్లేదు, గీతే అటూ ఇటూ తిరిగింది.

రాజురాలో చాయ్ తాగడానికి ఆగాం. అమ్మ, మా చిన్నోడి భార్య గోండీలో మాట్లాడుకుంటుంటే పక్క బల్ల మీద ఉన్న పెద్దాయన లేచి వచ్చి రాం రాం అన్నాడు. ఊరి పేరు అడగలేదు, రాష్ట్రం అడగలేదు. ఇంటిపేరు అడిగాడు, ఎన్ని దేవుళ్లవాళ్లమో అడిగాడు. చెప్పాం. రెండు నిమిషాల్లో మా చిన్నోడికి ఆయన మామ వరస అయిపోయాడు, చాయ్ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. ఇక్కడ కుమ్రం అంటే అక్కడ కుమరే అంటారు, పెందూర్‌ను పెందోర్ అంటారు, మడావి, ఆత్రం, టేకాం మారలేదు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు తెలిసినవాడు గోండులు ఉన్న ఏ ఊరికి పోయినా ఆకలితో పడుకోడని నాన్న అనేవాడు. తమ్ముళ్లారా, మీ సగ ఏదో మీకు తెలుసా? ఇక్కడ చేతులెత్తమని అడగం. ఇంటికి పోయాక అమ్మానాన్నలను అడగండి.

వార్ధా నది వంతెన దాటి బల్లార్‌పూర్ మీదుగా మధ్యాహ్నానికి చంద్రాపూర్ చేరాం. బొగ్గు గనులు, కరెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు, చెట్ల ఆకుల మీద కూడా బూడిద ఉంటుంది. కానీ ఊరి చుట్టూ ఉన్న ఆ కోటగోడ మన రాజులు కట్టించింది. జట్‌పురా దర్వాజా కింద నుంచి బస్సులు, ఆటోలు పోతుంటే మా డ్రైవర్ "ఇది ఎవరిది?" అని అడిగాడు. గోండు రాజులదని మేం చెబితే నమ్మలేదు. అక్కడి మహాకాళి గుడి కూడా గోండు రాణి హిరాయి కట్టించిందే.

ఆతి ఇల్లు ఆ గోడకు దగ్గర్లోని బస్తీలో. మామ బొగ్గు గనిలో పనిచేసి ఎప్పుడో పోయాడు. ఆతి కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి మా కాళ్లు కడిగింది. ఆతి మాత్రం లేవలేదు. వాకిట్లో గోడకు ఆనుకుని, మొహం అటు తిప్పుకుని కూర్చుంది. మేం ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డాం. అమ్మ పోయి పక్కన కూర్చుని సంచిలోంచి రుమాలు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. ఆతి దాన్ని విప్పి, మడతపెట్టి, మళ్లీ విప్పింది. ఆ తర్వాత వదినా మరదళ్లు ఇద్దరూ గొంతు కలిపి ఏడ్చారు. పక్కింటివాళ్లు వచ్చి చూసి పోయారు.

ఏడుపు తగ్గాక ఆతి మమ్మల్నే అడిగింది, "ఎందుకు చెప్పలేదు?" అని. చెప్పాం ఆతీ, మనవడి ఫోన్‌కు పంపాం అన్నాం. వాడు డిగ్రీ చదువుతున్నాడు, మంచి పిల్లవాడు. ఫోన్ తీసి వెనక్కి వెనక్కి జరిపాడు. ఉంది. తెల్లవారి 5 గంటల 40 నిమిషాలకు మేం పంపిన కబురు అందులోనే ఉంది. తెలుగులో. వాడికి తెలుగు చదవడం రాదు. దాని పైన ముందు రోజు మేం పంపిన శుభోదయం బొమ్మ ఉంది, ఆ పైన అంతకు ముందు రోజుది. గులాబీ పువ్వులు, సూర్యోదయాలు, తెలుగులో సూక్తులు. రోజూ వచ్చేదే కదా అని వాడు తెరవడం ఎప్పుడో మానేశాడట. నాన్న చావు కబురు ఆ పూల బొమ్మల కింద ఆరు నెలలు పడి ఉంది.

ఆ పిల్లవాడు తలెత్తలేదు. తప్పు వాడిది కాదని మేమే అన్నాం. ఒక్క మాట గోండీలో వాయిస్ పెట్టి ఉంటే వాడు ఆతికి వినిపించేవాడు, రాత్రికల్లా ఆమె మన వాకిట్లో ఉండేది. మాకు గోండీ రాక కాదు. వేలు అలవాటుగా తెలుగు కీబోర్డు మీదకు పోయింది. ఆ రోజు నుంచి మాకు శుభోదయం బొమ్మలంటే కోపం. ఈ సభలో ఉన్నవాళ్లు కూడా మాకు పంపవద్దని మనవి.

రాత్రి భోజనాల దగ్గర ఇంకో సంగతి. ఆతి మా అమ్మాయిని పిలిచి ఏర్ తెమ్మన్నది. పిల్ల లేచి చుట్టూ చూసి, "ఇక్కడ ఏరు ఎక్కడుంది?" అని తెలుగులో అడిగింది. అందరం పడీ పడీ నవ్వాం. నవ్వాక ఆతే అడిగింది, "ఈ పిల్లకు నీళ్లు అంటే కూడా తెలియదా?" అని. మేం హాస్టల్ అన్నాం, ఇంగ్లీషు మీడియం అన్నాం. ఆతి ఏమీ అనకుండా తన మనవడి వైపు చూసింది. వాడికీ అంతే వచ్చు. ఆ ఇద్దరు పిల్లలూ ఒకరితో ఒకరు హిందీలో మాట్లాడుకున్నారు. బావామరదళ్ల వరసైనవాళ్లు, ఇద్దరి ఇళ్లలో గోండీ ఉంది, ఇద్దరికీ నడుమ మాత్రం హిందీ.

మర్నాడు ఆ పిల్లవాడు మమ్మల్ని జైలు దగ్గరకు తీసుకెళ్లాడు. అక్కడి రావిచెట్టు దగ్గర బాబూరావ్ శెడ్మాకే స్మారకం ఉంది. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ గోండు వీరుడు, 1858 అక్టోబర్ 21న చంద్రాపూర్ జైలులో ఉరితీశారు. ఆ పిల్లవాడు కథంతా తారీఖులతో చెప్పాడు. మేం పేరు విన్నాం గానీ అంతకు మించి తెలియదు. మా వంతు వచ్చి కుమ్రం భీం గురించి చెబితే వాడు, "సినిమాలో ఉన్నాడు కదా, నిజం మనిషేనా?" అన్నాడు. మా అమ్మాయికి కోపం వచ్చింది. జోడేఘాట్‌లో 1940లో జరిగిన పోరు గురించి హిందీలో గడగడా చెప్పింది. అడవిలో కేసు మీద పడ్డప్పుడు భీం తప్పించుకుని ముందు వచ్చింది ఈ చాందాకేనని, ఇక్కడి నుంచే అస్సాం తేయాకు తోటలకు పోయాడని మన పెద్దలు చెబుతారు. అంటే మేం పొద్దున్నే బొలెరోలో వచ్చిన దిక్కుకే ఆయన నడిచి వచ్చాడు.

ఆ పిల్లవాడు ఒక ప్రశ్న వేశాడు. గోండీ నేర్చుకుంటే ఏ లిపిలో రాయాలి అని. మా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన లిపి ఒకటుంది, అది 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంతకు ముందు ఏడాదే వచ్చిన మసరాం లిపి ఇంకొకటి, 1918లో మంగల్‌సింగ్ మసరాం తయారుచేసింది. ఏది మేలని పెద్దలు వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. ఆతికి రెండూ రావు, తెలుగూ రాదు, మరాఠీ చదవడమూ రాదు. ఆమెకు వినడం వచ్చు.

వచ్చేటప్పుడు ఆతి మాతో రాలేదు, పుష్యమాసంలో జంగుబాయి దగ్గరకు వస్తానన్నది. అక్కడి నుంచి మన ఊరికి వచ్చి, నాన్నను మట్టి చేసిన చోట తన చేత్తో నీళ్లు పోస్తానన్నది. రుమాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. మేం అడగలేదు.

ఇంటికి వచ్చి చూస్తే మూడు సాళ్ల పత్తి మంచుకు నల్లబడింది. దాని ధర ఎంత పోయిందో లెక్క వేయలేదు, వేస్తే అమ్మ తిడుతుంది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆతి వాయిస్ వస్తుంది. మనవడు బటన్ నొక్కి పట్టుకుంటాడు, ఆమె మాట్లాడుతుంది. దూరంగా ఉన్నామని గట్టిగా అరుస్తుంది. చిక్కుళ్లు కాసాయా, ఎడ్లు ఎట్లున్నాయి, వదిన మోకాళ్లు ఎట్లున్నాయి, ఇవే. పోయిన వారం మా అమ్మాయి పేరు పెట్టి పిలిచి, జవాబు నువ్వే ఇవ్వాలి, గోండీలోనే ఇవ్వాలి అన్నది. పిల్ల నానమ్మను అడిగి అడిగి ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లో నాలుగు ముక్కలు రాసుకుంది. మూడుసార్లు రికార్డు చేసి చెరిపేసింది. నాలుగోసారి కళ్లు మూసుకుని పంపేసింది. అవతల వినడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆతి దగ్గర నుంచి వచ్చిన వాయిస్‌లో మొదట చాలాసేపు నవ్వే వినపడింది. ఆ నవ్వయ్యాక పిల్ల తప్పు పలికిన మాటను ఆమె మూడుసార్లు సరిగ్గా పలికి వినిపించింది.