సూక్ష్మదర్శిని - విశ్వవిద్యాలయం

సూక్ష్మదర్శినిని కొనడానికి ఒక్క రోజు చాలు. దానిలో చూడడం నేర్చుకొనడానికి సంవత్సరాలు పడుతుంది. మొదటిసారి దాని ముందు కూర్చున్న విద్యార్థి ఒక కన్ను గట్టిగా మూసుకొని, రెండవ కంటితో తన కనురెప్ప వెంట్రుకలనో, గాజుపలక మీద చిక్కుకొన్న గాలిబుడగనో చూచి, అదే జీవకణమని సంతోషిస్తాడు. ప్రక్కన నిలిచి, "అది కాదు నాయనా, పలకను కొంచెం ఇటు జరుపు" అని చెప్పేవారు లేకపోతే, పాఠ్యపుస్తకంలోని బొమ్మనే నోటుపుస్తకంలో గీసి గంట ముగించుకొంటాడు. అతనికి మార్కులు వస్తాయి గాని, చూపు రాదు.

ఈ చిక్కు పిల్లలకు మాత్రమే కలిగేది కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. కాని అంతకు పూర్వం కొన్ని సంవత్సరాలు ఆ క్రిమి రోగుల రక్తంలోనే ఆయనకు కనిపించలేదు. అటువంటిది అసలు ఉన్నదా అని కూడా ఆయన సందేహించారు. 1894లో ఆయన లండనులో ఉన్నప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు దానిని సూక్ష్మదర్శినిలో చూపించారు. తరువాత భారతదేశం నుండి రాస్ తాను చూచిన దానిని మాన్సన్‌కు ఉత్తరాల ద్వారా తెలుపుతూ, ఆయన సలహాలు పొందుతూ వచ్చారు. సికింద్రాబాదులో ఒంటరిగా శ్రమించినట్లు కనిపించే ఆ శాస్త్రజ్ఞునికి వేల మైళ్ల దూరంలో ఒక తోడు ఉన్నది. ఆ తోడును నేడు మన ఊళ్లోనే ఏర్పరచుకొనడం ఎలా అన్నదే ఈ ప్రసంగ విషయం.

ఈ పని మన ప్రాంతానికి ఎందుకు అవసరమో రెండు ఉదాహరణలు మనవి చేస్తాను. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సమీపాన, ఆరోగ్యవరంలో ఉన్న క్షయ చికిత్సాలయం దక్షిణ దేశమంతటా పేరు పొందినది. క్షయరోగిని గుర్తించడానికి చిరకాలం ప్రధానాధారం కఫ పరీక్షే. కఫాన్ని గాజుపలక మీద పలుచగా పూసి, రంగులు పట్టించి, వేయి రెట్లు పెద్దదిగా చూపే కటకాలతో చూచినప్పుడు నీలి నేలమీద ఎర్రని సన్నని పుల్లలవలె క్రిములు కనిపిస్తాయి. ఒక మిల్లీలీటరు కఫంలో సుమారు 5,000 నుండి 10,000 క్రిములు ఉంటే గాని అవి కంటికి చిక్కవు. "క్రిములు లేవు" అని వ్రాయడానికి ముందు కనీసం 100 దృశ్యక్షేత్రాలను వరుసగా పరిశీలించాలి. అలసిన కన్ను ఇరవైతో సరిపెడితే, వ్యాధి ఉన్న మనిషి వ్యాధి లేదన్న కాగితంతో ఇంటికి పోతాడు. ఇంటిల్లిపాదికీ దానిని పంచుతాడు. అందుకే ఒకరు చూచిన పలకలలో కొన్నిటిని, మొదటివారి ఫలితం తెలియకుండా, మరొకరిచేత మళ్లీ చూపించే పద్ధతి ఏర్పడినది. నేడు అణుస్థాయి పరీక్షలు వచ్చినా, ఈ పద్ధతి నేర్పే పాఠం పాతబడలేదు. ఒకరి కంటికి మరొకరి కన్ను సాక్షిగా ఉండాలి.

రెండవది పట్టుపురుగుల పెంపకం. పలమనేరు, కుప్పం ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలకు పట్టుగూళ్లే జీవనాధారం. పెబ్రిన్ అనే వ్యాధి తల్లి నుండి గుడ్డుకు సంక్రమిస్తుంది. 1865 తరువాత ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చూపిన మార్గాన్నే నేటికీ అనుసరిస్తున్నారు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి, ఆ రసాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, వ్యాధి బీజాలు కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేస్తారు. ఆ ఒక్క చూపు తప్పితే రైతు తట్టలలోని పురుగులన్నీ పోవచ్చు.

ఇట్టి చూపును నేర్పడానికి తిరుపతికి మించిన అనువైన చోటు అరుదు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసినది. 1955లో పశువైద్య కళాశాల, 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వచ్చినవి. 2015లో ఐఐటీ, ఐసర్ కూడ చేరినవి. వేరుశనగ ఆకుమచ్చను చూచేవారు, పశువుల రక్తాన్ని చూచేవారు, లోహపు పగుళ్లను చూచేవారు, కణాలను చూచేవారు ఒకే ఊరి చుట్టుప్రక్కల ఉన్నారు. చూచే వస్తువులు వేరైనా, కటకాన్ని శుభ్రపరచడం, వెలుతురును సరిదిద్దడం, కనిపించిన దానిని కొలిచి వ్రాయడం అందరికీ సమానమే.

వీరందరు ఒక గోష్ఠిగా ఏర్పడాలని నా మనవి. దానికి పెద్ద భవనం అక్కరలేదు. వారానికొక సాయంకాలం ఒకచోట కూర్చుని, ఎవరికి అంతుపట్టని పలకను వారు తెచ్చి అందరికీ చూపాలి. ఏ సంస్థలో ఏ పరికరం ఉన్నదో, దానిని నడిపేవారెవరో తెలిపే ఉమ్మడి పట్టిక ఉండాలి. మంచి పలకలను పేర్లతో భద్రపరచిన భాండాగారం ఉండాలి. కొత్త విద్యార్థి మామూలు సూక్ష్మదర్శినితో ఆరంభించి, అర్హత చూపిన కొద్దీ మెట్టుమెట్టుగా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వరకు పోగలగాలి. అన్నిటికంటె ముఖ్యం, ఏళ్ల తరబడి పరికరాన్ని నడిపి దాని గుణదోషాలెరిగిన ప్రయోగశాల సహాయకుని గోష్ఠిలో గురుస్థానంలో కూర్చుండబెట్టాలి.

"విలువైన పరికరం పదిమంది చేతులలో పడితే పాడుకాదా?" అని కొందరు అడుగవచ్చు. భయం సహజమే. కాని కార్తీకమాసపు వర్షాలలో, గాలి తగలని పెట్టెలో మూతవేసి ఉంచిన కటకానికి బూజు పడుతుంది. తెలియని చేతులు పరికరాన్ని చెరుస్తాయి. తాళం కూడ చెరుస్తుంది. నేర్చిన చేతులే దానిని కాపాడుతాయి. కావున శిక్షణ పొందినవారికే తాళపుచెవి అన్న నియమం పెట్టి, ఆ శిక్షణను అందరికీ అందుబాటులో ఉంచడమే మార్గం.

ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చుని కఫ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూచే మనిషికి మన పరికరం ఖరీదు ఎంతో అక్కరలేదు. లోపల పలకను చూస్తున్న వ్యక్తికి చూడడం ఎవరైనా శ్రద్ధగా నేర్పారా, సందేహం కలిగితే అడగడానికి మరొకరు ఉన్నారా అన్నదే అతనికి కావలసినది. ఆ రెండు ప్రశ్నలకు అవునని చెప్పగలగడం విశ్వవిద్యాలయాల బాధ్యత.