పిడికిలికిఁ దగిన పిడి



నేఁడు నేను ముచ్చటింపఁబూనిన విషయము చాల చిన్నది. పనిముట్టు పిడి విఱిగినప్పుడు మఱియొక పిడిని ఎన్నుకొనుట యెట్లు? దీనికి రేడియోలో ఉపన్యాసమేలయని కొందఱు నవ్వవచ్చును. కాని ఖమ్మము మెట్టపొలములు ముగిసి భద్రాచలపు అడవి మొదలగు మన పల్లెలలో గొడ్డలి లేని యిల్లు అరుదు. ఎత్తిన గొడ్డలి పిడినుండి ఊడి ఎగిరినచో, అది యెవరిమీఁదఁ బడునో కొట్టువానికిని తెలియదు. ఎదుట మొద్దు పట్టుకొన్న తమ్ముఁడు కావచ్చును. వెనుక పుల్ల లేఱుకొను పసిపిల్ల కావచ్చును. కావున ఈ చిన్న విషయమును అలక్ష్యము చేయరాదు.

మన భాషలో పిడి, పిడికిలి, పిడికెడు అను మాటలు ఒక కుదురులోనివి. సంస్కృతమునను ఖడ్గపు పిడికి త్సరువనియు, ముష్టి యనియు పేళ్లు గలవు. ముష్టి యన్నను పిడికిలియే. అనఁగా పిడి యనునది ఇనుమునకును మనుష్యుని చేతికిని నడుమ నిలిచిన మధ్యవర్తి. మధ్యవర్తి యిరుపక్షముల మాటయు వినవలెను. అయితే ముందు వినవలసినది ఇనుము మాట. ఏలయన ఇనుము మారదు. చేయి కొంతవఱకు సర్దుకొనును. చెక్కుటకు లొంగునది కఱ్ఱ యొక్కటే.

ఇనుము మాట వినుట యెట్లు? గొడ్డలి బెజ్జమును చూడుఁడు. కొన్నిటికి అది గుండ్రము, కొన్నిటికి కోడిగ్రుడ్డువలె కోల. కోల బెజ్జములో పిడి తిరుగదు. గుండ్రని బెజ్జములో కఱ్ఱ మిక్కిలి బిగువుగా నుండనిచో చేతిలోనే తిరిగిపోవును. బెజ్జమును కాగితముపై నుంచి లోపలి అంచువెంట పెన్సిలుతో గీఁత గీయుఁడు. పైవైపునను, క్రిందివైపునను వేఱువేఱుగా గీయుఁడు. తఱచుగా ఆ రెండు గీఁతలు సమానముగా నుండవు. వెడల్పైన వైపు పైకి వచ్చు గొడ్డలికి కామను క్రిందనుండి దూర్చి, పైని చీల కొట్టి విప్పవలెను. పైనుండి దూర్చు గుద్దలి కామకు తలవైపు లావుగా నుండవలెను. అది కొట్టినకొలఁది తానే బిగియును. సంతకుఁ బోవునప్పుడు ఈ కాగితమును తీసికొనిపొండు, పాత కామను కాదు. పాత కామ అరిగినది. అరిగినదాని కొలతతో కొన్నది మొదటి దినమే వదులగును.

వదులైన పిడికి గోనెపీలిక చుట్టుట, మేకులు దిగఁగొట్టుట, రాత్రియంతయు నీటితొట్టిలో నానవేయుట మనలో వాడుక. మొదటి రెండును ఒకటి రెండు దినముల ఉపాయములు. మూఁడవది మఱింత కీడు. కఱ్ఱ నీరు త్రాగి ఉబ్బును. చుట్టును ఇనుము గనుక ఉబ్బుటకు చోటు లేక దాని నార తనలోఁ దానే నలుగును. మధ్యాహ్నపు ఎండకు ఆఱినపుడు మునుపటికంటె సన్నమగును. ఉదయము బిగువుగా నున్నదని నమ్మిన గొడ్డలి మధ్యాహ్నము మోసగించును.

కొడవలికిని కత్తికిని బెజ్జము పిడిలో నుండును. ఇనుపతోక దానిలోనికి దూరును. ఆ తోక పొడుగెంతయో పిడిలోని రంధ్రపు లోఁతు అంత యుండవలెను. రంధ్రము నోట పొన్ను బిగించినచో కఱ్ఱ పగులదు.

ఈ సూత్రము పనిముట్లకే కాదు, లైసెన్సు పొందినవారి రివాల్వరుకును వర్తించును. దాని పిడికి నడుమ ఇనుపచట్రము, ఇరువైపుల రెండు చెక్కలు, వానిని కలుపు మరమేకు ఉండును. అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు తమ చట్రములకు జే, కే, ఎల్, ఎన్ అను అక్షరములు పెట్టిరి. ఎల్ చట్రము కే కంటె పెద్దది. అయినను పిడిభాగపు ఆకారమొకటే గనుక ఒకదాని చెక్కలు రెండవదానికి సరిపోవును. అదే కే చట్రములో పిడి అడుగు గుండ్రముగా నున్నవియుఁ గలవు, పలకగా నున్నవియుఁ గలవు. గుండ్రని దానికై చేసిన చెక్కలు పలకదానిని పూర్తిగాఁ గప్పలేవు. పేరు చూచి కొన్నవాఁడు మోసపోవును. ఆకారము చూచి కొన్నవాఁడు మోసపోఁడు. చెక్క కదలినచో గుఱి తప్పును. అయితే ఈ పని ఇంట చేసికొనునది కాదు. తూటాలు తీసివేసి, 1959 నాఁటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు గల మరమ్మతుదారునికే అప్పగింపవలెను.

ఇఁక చేతి మాట. పిడిని పట్టినపుడు వ్రేళ్లకొనలు బొటనవ్రేలి మొదలును తాఁకీ తాఁకనట్లుండవలెను. నడుమ చాల ఎడమున్నచో పిడి లావు, పట్టు నిలువదు. వ్రేళ్లు అరచేతిలో గ్రుచ్చుకొన్నచో సన్నము; చేతికి తిమ్మిరెక్కును. కోఁతకుఁ బోవు స్త్రీకి పురుషుని చేతి కొలత పిడి నిచ్చి, పని నెమ్మది యని తప్పుపట్టుట న్యాయము కాదు.

కఱ్ఱ విషయమున మన యడవి భాగ్యము గలది. గొడ్డలికామకు చిరుమాను మేలు, పోటునకు ఓర్చును. తుమ్మయు మంచిదే. టేకు ద్వారబంధములకు శ్రేష్ఠము గాని దెబ్బకు అంత ఓర్వదు. ముడులు లేక, నార కొననుండి కొనవఱకు తిన్నగా సాగిన కఱ్ఱను నీడన ఆఱనిచ్చి చెక్కింపుఁడు. రిజర్వు అడవిలో అనుమతి లేక చెట్టు కొట్టుట నేరమని పిల్లలకుఁ జెప్పుఁడు.

పెద్దలారా, తన గొడ్డలి వదులైనచో తాను వాడక మానవచ్చును. కాని మన యింటికి కూలికి వచ్చినవాఁడు మన మిచ్చిన గొడ్డలిని కాదనలేఁడు. అది బాగుగా లేదని చెప్పుటకును అతనికి నోరు రాదు. కాఁబట్టి ఇచ్చువాఁడే ముందు చూడవలెను. గొడ్డలిని పిడి పట్టి నేలపై రెండు మాఱులు తట్టి, బెజ్జము దగ్గఱ వ్రేలు పెట్టి చూడుఁడు. ఇనుము వెంట్రుకవాసి కదలినను ఆ దినమునకు దానిని మూల నుంచి, వడ్రంగికి కబురు పెట్టుఁడు. ఒక పూఁట పని ఆఁగిన మఱునాఁడు చేసికొనవచ్చును. పోయిన కన్ను మఱునాఁడు రాదు.