పాత తుపాకులలో మందు దట్టించునపుడు గమనింపవలసిన సంగతులు



మొక్కజొన్న, వేరుసెనగ పైరులను అడవిపందులనుండి కాపాడుకొనుటకై తాతలనాటి తుపాకులను వాడు రైతులు కలరు. 1959 సంవత్సరపు ఆయుధచట్టము ననుసరించి లైసెన్సును, 1972 సంవత్సరపు వన్యప్రాణి చట్టము ననుసరించి పందిని కాల్చుటకు వేరుగ అనుమతియు ఉండవలెను. అవి రెండును ఉన్నను, తుపాకి యే మందునకై చేయబడినదో యెరుగనిచో పందికన్న ముందు దట్టించినవానికే అపాయము.

ఈ తుపాకులు నల్లని మందునకై చేయబడినవి. పొగలేని మందును ఫ్రాన్సు దేశమున 1884లో వియెల్ అను రసాయనికుడు సిద్ధపరచెను. నల్లని మందును బిగించినను అది మండెడి వేగము మితముగనే హెచ్చును. పొగలేని మందు బిగించినకొలది వేగముగ మండి, ఒత్తిడిని క్షణములో పెక్కురెట్లు చేయును. ఒకదాని కొలగిన్నెతో రెండవదానిని పోసినచో గొట్టము చీలి చేయియో కన్నో పోవును. ఇనుమును ఉక్కును మెలివెట్టి యతికిన చారల గొట్టములు చూడ సొగసైనవే. అతుకులలోని త్రుప్పు మాత్రము కంటబడదు. అట్టివానిని పనితెలిసిన తుపాకిమేస్త్రీ లోపల చూడకుండ కాల్చరాదు.

ఖాళీ తూటాలను తిరిగి నింపుకొనువారు మొదటి కొలతను తెలిసికొనవలెను. 1871లో ఇంగ్లీషు సైన్యము గైకొన్న మార్టీని హెన్రీ రైఫిలు తూటాలో 85 గ్రెయినుల మందును, 480 గ్రెయినుల సీసపు గుండును ఉండెను. తులమునకు 180 గ్రెయినులు గనుక మందు అరతులమునకు కొంచెము తక్కువ. పొట్టి కార్బైనునకు 70 గ్రెయినుల మందును, 410 గ్రెయినుల గుండును ఏర్పరచిరి. కొత్త తుపాకికి సైన్యమే యింత వాడగా ముసలి గొట్టమునకు అంతకు మించి పోయుట యేల? తగ్గించియే మొదలిడవలెను. అయితే తగ్గించినపుడు మందునకును గుండునకును నడుమ సందు విడువరాదు. సందున్నచో గొట్టము ఉబ్బును, పగులను కూడ పగులును. అందుచే ఆ చోటును ఉన్నిబిళ్ళతోనో గోధుమరవ్వతోనో నింపుదురు.

మూతినుండి దట్టించు తుపాకులలో రెండుమార్లు దట్టించుటయే పెద్ద కీడు. చీకటిలో మంచెమీద పాలేరు దట్టించిన తుపాకినే యజమాని మరల దట్టించును. దీనికి సులువైన ఉపాయము కలదు. ఖాళీ గొట్టములో కడ్డీని దింపి, మూతిమట్టమున దానిపై ఒక గీత పెట్టవలెను. సరియైన మందును గుండును దట్టించి మరియొక గీత పెట్టవలెను. కడ్డీ మీద మొదటి గీత మూతికి పైగా నిలిచినచో లోపల ఏదో కలదు. రెండవ గీతయు పైగా నిలిచినచో ఎక్కువ పడినదనియో, గుండు అడుగంట దిగలేదనియో తెలియును. మందును కొమ్మునుండి తిన్నగ పోయక ఇత్తడి కొలగిన్నెతోనే పోయవలెను. లోన నిప్పురవ్వ మిగిలియున్నచో కొమ్ములోని మందంతయు చేతిలోనే అంటుకొనును.

ఈ మందు మసి తేమను పీల్చి ఇనుమును తినును. కాల్చిననాడే గొట్టమును వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, బాగుగ ఆరిన పిమ్మట నూనె పూయవలెను.