వణికిన చేతికి జోహార్లు

(బీదర్‌లో జరిగిన సంస్మరణ సభలో మన యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



స్పిన్నింగ్ ఖాతాలో మనలో ఎందరికో పని నేర్పిన అన్న మన మధ్య లేడు. వదినమ్మ, పిల్లలు వేదిక మీద ఉన్నారు. వారి ముందు నాలుగు పొగడ్తలు పలికి దిగిపోవడం మాకు ఇష్టం లేదు. ఆయన పడిన కష్టం రేపు మరో కార్మికుడు పడకూడదు. అందుకే మాట్లాడుతున్నాము.

బిద్రీ పనివాళ్ల ఊరు మనది. నల్లని లోహంలో వెండి తీగ పొదిగే చేతికి ఎంత నిలకడ కావాలో, తెగిన పోగు అతికే చేతికీ అంతే కావాలి. అన్న చేయి అటువంటిది. ఆ చేయే మొదట వణికింది. అదీ ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు! తర్వాత జీతాల రిజిస్టరులో సంతకం నెలనెలకూ చిన్నదైపోయింది. నడక మందగించింది. మనసులో నవ్వున్నా ముఖం మీదికి రాలేదు.

పైవాళ్లు ఏమన్నారు? తాగి డ్యూటీకి వస్తున్నాడని మెమో ఇచ్చారు! కల్లు ముంత ముట్టని మనిషికి! జబ్బు కన్నా ఆ కాగితమే ఆయనను ఎక్కువ కుంగదీసిందని వదినమ్మ ఇప్పటికీ అంటారు.

ఈ జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వివరించాడు. పేరు ఆయనదే. మన వైద్యులు కంపవాతం అన్నారు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం వల్ల ఇది వస్తుంది. అంటురోగం కాదు, పాపఫలమూ కాదు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. అయినా 1960ల నుంచి లెవోడోపా అనే మందు వాడుకలో ఉంది. మన పొదల్లో పాకే దూలగొండి గింజల్లోనూ ఆ పదార్థం ఉంది. మన దేశ శాస్త్రజ్ఞులు 1937లోనే దాన్ని వేరుచేశారు. అట్లని గింజలు తిని మాత్రలు మానవద్దు. డాక్టరు చెప్పిన వేళకు మాత్ర పడాలి. వేళ తప్పితే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టవుతాయి.

ఎంతటివారినీ ఈ జబ్బు వదలదు. 1974 మే నెలలో దేశాన్ని కదిలించిన రైల్వే సమ్మె నాయకుడు, మంగళూరు బిడ్డ జార్జి ఫెర్నాండెజ్ చివరి ఏళ్లలో అల్జీమర్స్‌తో పాటు పార్కిన్సన్స్‌తోనూ బాధపడ్డారు. 2019 జనవరి 29న కన్నుమూశారు. లక్షల మందిని కదిలించిన ఆ గొంతు ఏళ్ల తరబడి మూగబోయింది.

ఇక మన హక్కుల సంగతి. ఈఎస్ఐ కార్డున్నవారు గుర్తుంచుకోండి. దీర్ఘరోగాల పట్టికలో పార్కిన్సన్స్ ఉంది. మామూలు జబ్బు సెలవు భత్యం ఏడాదికి 91 రోజులే. అయితే రెండేళ్ల సర్వీసు, చందా షరతులు నిండినవారికి ఈ జబ్బు వస్తే వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొందవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. ప్రభుత్వ వైద్యుల నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. కాగితాల పనికి యూనియన్ ఆఫీసుకు రండి, మేము వెంట నడుస్తాము.

యాజమాన్యాన్ని మేము అడిగేవి మూడే. చేయి వణికిందని మెమో ఇచ్చే ముందు డాక్టరుకు చూపించాలి. మాత్ర వేసుకోవడానికి మిషన్ దగ్గర నుంచి ఐదు నిమిషాలు వదలాలి. పోగు అతకలేని చేతికి తేలిక పని ఇవ్వాలి. ఇది దయ కాదు, ముప్ఫయి ఏళ్ల చెమటకు దక్కవలసిన మర్యాద.

గుండీలు పెట్టి, అన్నం తినిపించి, రాత్రిళ్లు పక్క మీద ఒత్తిగిలించిన వదినమ్మకు చేతులెత్తి నమస్కరిస్తున్నాము. ఆమె చేసిన డ్యూటీకి షిఫ్టు లేదు, వారపు సెలవు లేదు, ఓవర్‌టైమూ లేదు. అటువంటి ఇల్లు మన బస్తీలో ఏదైనా ఉంటే వారానికి ఒకరోజైనా వెళ్లి ఒక పూట కూర్చుందాం. ఆ ఇల్లాలికి కాస్త కునుకు దొరుకుతుంది.

అన్నకు జోహార్లు! కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!