పన్ను తగ్గింది, మరి లోటు?

శ్రీలంక సంక్షోభం అనగానే 2022 జులై 9న కొలంబోలో అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయిన జనమే మీకు గుర్తుకు రావచ్చు. కాని దాని మూలాలు అంతకుముందే ఉన్నాయి.

2019 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది. పన్ను తగ్గితే కాదనేదెవరు? ఖజానా రాబడి మాత్రం పడిపోయింది. ఆపైన కోవిడ్ వల్ల పర్యాటకం దెబ్బతింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని హఠాత్తుగా నిషేధించడంతో వరి దిగుబడి తగ్గి, బియ్యం బయటినుంచి కొనవలసి వచ్చింది. డాలర్లు అడుగంటాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేశారు. పెట్రోలుకూ వంటగ్యాసుకూ జనం బారులు తీరారు.

అవినీతి, అసమర్థ పాలనలపై వారి ఆగ్రహం న్యాయమైనదే. అధ్యక్షుడు గొటబాయ రాజపక్స రాజీనామా చేశారు. ఆర్థిక పతనానికి ఆయనా, ఆయన సోదరులూ, కొందరు ఉన్నతాధికారులూ బాధ్యులని 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అప్పు తీరలేదు. 2024 జనవరిలో అదే పన్ను 18 శాతానికి చేరింది. కూలీ అయినా కోటీశ్వరుడైనా కొన్న వస్తువు మీద కట్టేది ఒకే రేటు.

ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వాన్ని నిలదీయడం సహజం. పన్ను తగ్గించిన రోజునే "ఈ లోటు ఎవరు, ఎలా పూడుస్తారు?" అని మీరు అడగడం అంతకన్నా అవసరం.