అవ్వ బొమ్మలో చేతికర్ర

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. మంచివన్నీ మిత్రులు చెప్పేశారు కాబట్టి నేను ఒక తప్పు గురించి చెబుతాను.

రిటైరయ్యే ముందు ఏడాది, నేను పనిచేసిన ఒక బడిలో ఆరో తరగతి పిల్లలను ‘మీ అవ్వ బొమ్మ గీయండి’ అన్నాను. దాదాపు అందరి అవ్వలకూ నడుము వంగి ఉంది. చేతికర్ర, కళ్లజోడు, తెల్లటి ముడి. కొందరు మంచం కూడా వేశారు. మీ అవ్వకు ఎన్నేళ్లని ఒక పిల్లను అడిగాను.

‘యాభై రెండు సార్.’

కర్ర పట్టుకుంటుందా?

‘లేదు సార్, పొద్దున్నే ఉపాధి పనికి పోతాది.’

మరి ఎందుకు గీశావు?

‘అవ్వంటే అట్లే కదా సార్!’

ఆ కర్ర వాళ్ల ఇంటి నుంచి రాలేదు. పుస్తకాల్లోని బొమ్మల నుంచి, సినిమాల నుంచి, నాలాంటి అయ్యవార్ల మాటల నుంచి వచ్చింది.

మన గోరంట్ల చుట్టుపక్కల సంగతి మీకు తెలుసు. వానలు లేక, వేరుశనగ చేతికి రాక అమ్మానాన్నలు బెంగళూరుకు పనికి పోతే, పిల్లలను సాకేది అవ్వా తాతలే. వంట, జ్వరం, ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర అన్నీ వాళ్లవే. అలాంటి ఒక అవ్వ తల్లిదండ్రుల సమావేశానికి వస్తే, ‘ఇంట్లో చదువుకున్నోళ్లు ఎవరూ లేరామ్మా?’ అని అడిగినవాణ్ని నేనే. పక్కన మనవడు తల వంచుకున్నాడు. తరువాతి సమావేశానికి ఆమె రాలేదు. వాడే రావద్దన్నాడట.

ఆ పిల్లవాణ్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. వాడి వయసులో నేనూ అదే పని చేశాను. మా జేజి సద్దిగిన్నెతో బడికి వస్తే, ఎవరని స్నేహితులు అడిగారు. ‘మా ఇంట్లో పనిచేసే ఆమె’ అన్నాను. ఆమెకు వినపడింది. ఏమీ అనకుండా గిన్నె ఇచ్చి వెళ్లింది. మరుసటి రోజు నుంచి గేటు దాకా రాలేదు, దూరంగా చింతచెట్టు కింద నిలబడేది.

బొమ్మలయ్యాక పిల్లలకు ఇంకో పని పెట్టాను. సెలవు రోజంతా ఇంట్లోని పెద్దవాళ్ల వెంట తిరిగి, వాళ్లేం చేశారో రాసుకు రమ్మన్నాను. తన అవ్వ మూడు భాషలు మాట్లాడుతుందని ఒకడు ఆ రోజే గమనించాడు. ఇంట్లో తెలుగు, బాగేపల్లి వాళ్లతో కన్నడం, హిందూపురం చింతపండు మండీలో ఉర్దూ. సంతకం రాని మనిషి! ఇంకో పిల్ల, కొర్రలూ సామలూ ఏ కార్తెలో విత్తేవారో తాతనడిగి రాసింది. చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆ పంటలను మళ్లీ పొలాలకు తెస్తోంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. తాతకు మాత్రం అది పాత కబురే.

యూట్యూబ్ మస్తానమ్మను కూడా చూపించాను. కోస్తా పల్లెలో, నూరేళ్లు దాటిన వయసులో, 2016లో వంటల వీడియోలు మొదలుపెట్టిన మనిషి. 2018లో ఆమె పోయేనాటికి ఆ ఛానెల్ చందాదారులు 10 లక్షలు దాటారు.

అలాగని ముసలివాళ్లంతా జ్ఞానులని పిల్లలకు నూరిపోయకండి. అదీ ఇంకో రకం చేతికర్రే. మా తాత పేకాటలో అప్పులు చేసిన మనిషి, అబద్ధాలూ బాగానే ఆడేవాడు.

ఇంకో మాట. అమెరికాలో బెక్కా లెవీ అనే పరిశోధకురాలు ఓహియోలో 50 దాటిన 660 మంది వివరాలు పరిశీలించి, 2002లో ఫలితం ప్రకటించారు. తమ ముసలితనాన్ని మంచిగా తలచినవాళ్లు, చెడ్డగా తలచినవాళ్లకంటే సుమారు 7.5 ఏళ్లు ఎక్కువ బతికారు. ఆరో తరగతిలో అవ్వ చేతికిచ్చిన కర్ర యాభై ఏళ్ల తరువాత మన చేతికే వస్తుందేమోనని నా అనుమానం. నాకూ 60 దాటాయి కదా!

ఆ అవ్వ ఇంటికి వెళ్లి, తప్పు మాట్లాడానని చెప్పాను. ‘దానికేముందిలే అయ్యవారూ, మళ్లా మీటింగు ఎప్పుడు?’ అంది. చెప్పిన రోజుకు వచ్చింది. మరుగుదొడ్లలో నీళ్లెందుకు రావడం లేదని అందరి ముందూ నన్నే నిలదీసింది. మనవడు పక్కనే నిలబడి, పోయినవారం కూడా రాలేదని సాక్ష్యం చెప్పాడు.

ఆ పిల్లలు రెండోసారి గీసిన బొమ్మలు తెచ్చి వరండా గోడకు అంటించాను. భోజనాలయ్యాక చూడండి. చింతపండు మూటతో బస్సు ఎక్కుతూ కండక్టరుతో పోట్లాడుతున్న ఆమె ఎడమ నుంచి మూడో బొమ్మలో ఉంది.