ఏ రోజు ఏ పందెం? ఎవరి కోసం?
(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "పెన్షను, డి.ఏ. బకాయిలు వద్దండీ, అవి ఎలాగూ అందరూ మాట్లాడతారు. మీ ఉద్యోగం సంగతి చెప్పండి" అన్నారు. నేను పనిచేసింది ఒక గుర్రపు పందేల క్లబ్బు ఆఫీసులో. ఆ మాట అనగానే "ఏ గుర్రం గెలుస్తుందో మీకు ముందే తెలుస్తుందటగా" అంటారు. తెలిసి ఉంటే నవంబరు నెలలో లైఫ్ సర్టిఫికెట్ కోసం మీతోపాటు క్యూలో నిలబడేవాణ్ణి కాదు. పందెం కాయమని నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నాది ఎంట్రీల సెక్షను. ఏ రోజు ఏ రేసు పెట్టాలి, అది ఎవరికి అందుతుంది, ఎవరికి అందకుండా పోతుంది అన్నదే మా గొడవంతా.

మన దేశంలో రేసులు వానను బట్టి ఊళ్ళు మారతాయి. వేసవిలో బెంగుళూరు. వానాకాలంలో బొంబాయి మహాలక్ష్మి మైదానం పనికిరాదు కనుక అక్కడి గుర్రాలు పూనా చేరతాయి. మైసూరులో, మన మలక్‌పేటలో కూడా అప్పుడే సీజను. మలక్‌పేట మైదానం కొత్తదేమీ కాదు. ఆరవ నిజాం కాలంలో, 1886లో, మౌలాలీ నుంచి రేసులు అక్కడికి వచ్చాయి. ఇక నవంబరు వచ్చిందంటే బొంబాయి, కలకత్తా, హైదరాబాదు, బెంగుళూరు అన్నీ ఒక్కసారే మొదలు. చిక్కంతా ఈ చలికాలంలోనే.

గుర్రం ఒకసారి పరుగెత్తాక రెండు మూడు వారాలు తేరుకోవాలి. దాని స్థాయిని అంకెలతో కొలుస్తారు. చెన్నైలోనూ మైసూరులోనూ 0 నుంచి 25 దాకా ఒక తరగతి, 20 నుంచి 45 దాకా ఒక తరగతి, ఇలా పైకి పోతాయి. మేలైన గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువదానికి తక్కువ బరువు పెట్టి పరుగెత్తిస్తారు. పై తరగతి గుర్రాలున్నవారికి బెంగ లేదు. ఇక్కడ రేసు లేకపోతే లారీ ఎక్కించి ఇంకో ఊరు పంపుతారు. అడుగు తరగతి గుర్రం ఒకటో రెండో ఉన్న ట్రైనరు సంగతే వేరు. బయటి ఊరి బహుమతి దారి ఖర్చులకే సరిపోదు. అతనికి ఉన్న ఊళ్ళో దొరకాలి రేసు.

అలాంటి ఒక ట్రైనరు మా కౌంటరు దగ్గరికి వచ్చేవాడు. సీజను ప్రాస్పెక్టస్ ముడతలు పడిపోయేటట్టు తిరగేసి, తన గుర్రానికి సరిపడే రేసు కింద పెన్సిలుతో గీత గీసుకునేవాడు. నెలంతా దాని కోసమే గుర్రాన్ని సిద్ధం చేసేవాడు. తీరా చూస్తే ఎంట్రీలు చాలక ఆ రేసు రద్దు. ఆ తరగతికి మళ్ళీ రేసు ఎప్పుడంటే నెల దాటాక! ఈలోగా దాణా ఆగదు, లాడాలు ఆగవు, సైసు జీతం ఆగదు. గెలిస్తే ట్రైనరుకు, జాకీకి బహుమతిలో వాటా ఉంటుంది. పరుగే లేకపోతే ఎవరికి ఏం వాటా? ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొన్న గుర్రమైతే, రెండు నెలలు బిల్లులు కట్టి మూడో నెల అమ్మేద్దామంటారు. అమ్ముడుపోతే లాయం ఖాళీ, సైసుకు పని పోతుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా రేసులు ఆగినప్పుడు ఈ బాధ పెద్ద లాయాలవారికీ తెలిసింది. చిన్నవారికి అది అలవాటైన బాధే.

మరి తేదీలు ట్రైనర్ల వీలును బట్టే వేయవచ్చు కదా అంటారా? వేయలేరు. ఒక ఊరి రేసుల మీద ఇంకో ఊళ్ళో పందెం కాసే ఏర్పాటు వచ్చాక, రెండు పెద్ద కేంద్రాలు ఒకే రోజు పెడితే వచ్చే డబ్బు చీలిపోతుంది. ఆ డబ్బులోంచే కదా బహుమతులు ఇచ్చేది! అందుకని వారాలు పంచుకుంటారు. ఒకే రోజు తప్పకపోతే ఒక ఊరి రేసుకూ ఇంకో ఊరి రేసుకూ మధ్య కొద్ది నిమిషాలు ఎడం ఉండేటట్టు చూస్తారు. ఫిబ్రవరిలో బొంబాయిలో ఇండియన్ డెర్బీ జరిగే ఆదివారానికి మిగతా ఊళ్ళ వాళ్ళు తమ పెద్ద రేసు పెట్టుకోరు. 1963లో మొదలైన ఇన్విటేషన్ కప్పును మాత్రం ఏటా ఒక్కో ఊళ్ళో జరుపుతూ వచ్చారు. పెద్దవాళ్ళ మధ్య న్యాయం అలా బాగానే కుదిరింది. వంతులేసుకోవడం వారికి వచ్చును.

చిన్నవారి విషయంలోనే నాకు పేచీ. బయటి ఊరి గుర్రాలు రాకూడదని కొందరు స్థానికులు అంటారు. రానివ్వకపోతే పోటీ చచ్చిపోతుందని పెద్ద యజమానులంటారు. నా మట్టుకు నాకు తోచింది ఇది: డెర్బీలూ కప్పులూ అందరికీ తెరిచి ఉంచండి. ఏ ఊరి గుర్రం గెలిచినా చూసేవాళ్ళకు పండగే. అడుగు రెండు తరగతుల రేసులు మాత్రం సీజనంతా ఆ ఊళ్ళో ఉండి సాధన చేసిన గుర్రాలకే ఉంచండి. అవి మూడు వారాలకు మించి ఎడం లేకుండా రావాలి. రద్దయితే, పక్క వారమే బదులు రేసు పెట్టాలి. ఎంట్రీలు ఎక్కువై రేసులోకి రాలేకపోయిన గుర్రానికి తరవాతి రేసులో ముందు చోటివ్వాలి. ఆఫీసులో ఈ మాట నోట్ రూపంలో రెండుసార్లు పైకి పంపాను. మొదటిసారి ఫైలు తిరిగి రాలేదు. రెండోసారి "పరిశీలించవచ్చును" అని రాసి వచ్చింది. ఆ రెండు ముక్కల అర్థం ఈ సభలో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు!

బదులు రేసు పద్ధతి మాత్రం నేను రిటైరయ్యే ముందు సీజనులో ఒక తరగతికి అమలు చేశారు. ఆ సీజనులో నేను చెప్పిన ట్రైనరు గుర్రం నాలుగుసార్లు పరుగెత్తింది. గెలవలేదు, రెండుసార్లు మూడో స్థానం. సైసుకు దీపావళికి కొత్త బట్టలు పెట్టానని చెప్పడానికి అతను ప్రత్యేకంగా కౌంటరు దాకా వచ్చాడు.

జాకీల బరువులు తూచే గది కబుర్లు ఇంకా చాలా ఉన్నాయి గాని, కార్యదర్శిగారు రెండోసారి గడియారం చూస్తున్నారు. సెలవు.